నాలుగో స్థానంలో ఆయన పేరు

కట్టుడు పళ్ళు తయారుచేసే చోట పనిచేసేవాళ్ళకి ఒక జబ్బు ఉంటుంది. ఎదుటి మనిషి నవ్వితే ముందు పలువరుస కనిపిస్తుంది, మనిషి తర్వాత కనిపిస్తాడు. స్కోరమ్మకి ఆ జబ్బు ఎప్పుడో ముదిరిపోయింది. అందుకే ఆ సాయంత్రం బేస్‌బాల్ లీగు కార్యదర్శి ల్యాబు గుమ్మంలో నిలబడి నవ్వుతుంటే, ఆయన పై వరుసలో ఎడమవైపు పన్ను కదులుతోందన్న సంగతి ఆవిడకి ముందు తెలిసింది. ఏదో పని తగిలించడానికే వచ్చాడన్న సంగతి ఆ తర్వాత తెలిసింది.

"వచ్చే రౌండు నుంచి కాగితం మీద స్కోరు తీసుకోవటం లేదమ్మా," అన్నాడాయన. "ఏ జట్టుకి ఆ జట్టు ఏదో ఒక సాఫ్ట్‌వేర్ పెట్టుకుని అందులోంచే పంపాలి. స్కోరూ, ఆటగాళ్ళ లెక్కలూ, అన్నీ. ఏది పెట్టుకుంటారో మీ ఇష్టం. మీకు తెలియనిదేముంది."

'మీకు తెలియనిదేముంది' అన్న మాట చెవిన పడగానే ఆవిడకి నడుం నొప్పి గుర్తొచ్చింది. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ నెత్తిన పడ్డ పనులన్నీ ఆ మాట వెనకే నడిచొచ్చాయి. చేతిలో ఉన్న మైనం రేకు గులాబీ రంగులో మెత్తబడుతోంది. దాన్ని అచ్చు మీద పరిచి, చిగుళ్ళ ఆకారం దిద్దుతూ, "చూస్తాలెండి," అంది. కాదనడం చేతనైతే ఈ కథే ఉండేది కాదు.

స్కోరమ్మ అన్నది డిపోవాళ్ళు పెట్టిన పేరు. పెళ్ళైన కొత్తలో, బస్సు డిపో జట్టులో భర్త ఆడుతుంటే చూడటానికి వెళ్ళింది. ఊరికే కూర్చున్నావు కదమ్మా అని ఎవరో చేతిలో పెన్సిలు పెట్టారు. ఆ పెన్సిలు మళ్ళీ ఎవరూ అడిగి తీసుకోలేదు.

బేస్‌బాల్ తెలియనివాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. జట్టులో తొమ్మిదిమంది ఒకరి తర్వాత ఒకరు బ్యాటు పట్టుకుని వస్తారు. తొమ్మిదోవాడయ్యాక మళ్ళీ మొదటివాడు. మూడుసార్లు ఊపి మూడుసార్లూ బంతి తప్పినవాడు అవుట్; కొట్టినవాడు మైదానంలో మూడు మూలల్లో ఉన్న బేసులు చుట్టి, బయల్దేరిన చోటికి, అంటే ఇంటికి, చేరితే ఒక పరుగు. ముగ్గురు అవుటయ్యారంటే వాళ్ళ వంతు అయిపోయినట్టే, అవతలి జట్టు బ్యాటు పడుతుంది. మొదటి ముగ్గురూ తంటాలు పడి బేసుల మీదకి చేరితే, బంతిని గట్టిగా బాది వాళ్ళని ఇంటికి చేర్చే బాధ్యత నాలుగోవాడిది. అందుకే జట్టులో బలవంతుణ్ణి నాలుగో స్థానంలో పెడతారు. డిపో జట్టులో ఆ స్థానం ఏళ్ళ తరబడి స్కోరమ్మ భర్తదే.

ఆయన బస్సు డ్రైవరు. స్టీరింగు తిప్పి తిప్పి గట్టిపడ్డ భుజాలు, వాటికి తగ్గ నోరు. ఎవరైనా బంతి తప్పితే బెంచీ మీంచి ఆయన పెట్టే చివాట్లు పక్క వీధి దాకా వినిపించేవి. ఎంత తిట్టినా ఎవరూ నొచ్చుకునేవారు కాదు. ఆయన తిట్టలేదంటే ఆ రోజు ఒంట్లో బాగాలేదేమో అనుకునేవారు.

కిందటేడు వానల్లో ఒక రోజు నిజంగానే బాగాలేకపోయింది. బస్సు తెచ్చి డిపోలో నిలిపి, దిగుతూ దిగుతూ ఆఖరి మెట్టు మీద కూలబడ్డాడు. పక్షవాతం. ప్రాణం దక్కింది. కుడిచెయ్యీ, కుడికాలూ సగం సగం దక్కాయి. మాట తిరిగొచ్చింది గానీ, ఒక్కో మాటకీ మధ్య ఆగి దారి వెతుక్కోవలసి వచ్చేది. ఆ తర్వాత ఆయన ఎవర్నీ తిట్టలేదు.

కొత్త సీజను మొదలయ్యేటప్పుడు ఆయన తమ్ముడికి ఒక ఆలోచన వచ్చింది. అతను అదే డిపోలో మెకానిక్కు, జట్టుకి కెప్టెను. "అన్న తిరిగొచ్చేదాకా నాలుగో స్థానం అన్నదే. ఇంకెవడూ అక్కడ బ్యాటు పట్టడు," అన్నాడు. జాబితాలో పేరుండి మనిషి రాకపోతే ఆ వంతు అవుటుగా లెక్కించాలని లీగు నియమం. లెక్కిస్తే లెక్కించనీ అన్నారందరూ. ఫీల్డింగుకి మాత్రం ఆయన బదులు టికెట్ల కౌంటరు గుమాస్తాని నిలబెట్టారు. పొద్దస్తమానం కిటికీలోంచి చెయ్యి చాపే మనిషి కాబట్టి అతన్ని అందరూ కిటికీ అనేవారు. బ్యాటు పట్టాలని కిటికీకి ప్రాణం లాగేది. అయినా నోరెత్తలేదు.

మొదటి ఆదివారం ఆ దృశ్యం చూసి కళ్ళు తుడుచుకోనివాళ్ళు లేరు. నాలుగో వంతు రాగానే ఆట ఆగింది. ఖాళీగా ఉన్న బ్యాటింగు చోటు వైపు చూస్తూ రెండు జట్లూ టోపీలు తీసి నిలబడ్డాయి. అంపైరు పిడికిలి ఎత్తి, గొంతు తగ్గించి 'అవుట్' అన్నాడు. అందరూ స్కోరు బల్ల పక్కన కుర్చీలో ఉన్న డ్రైవరు వైపు తిరిగి చప్పట్లు కొట్టారు. ఆయన ఎడమచెయ్యి ఎత్తాడు.

ఏడుపు ఎన్నాళ్ళు ఏడుస్తారు. వారాలు గడిచేకొద్దీ అంపైరు మంచినీళ్ళు తాగుతూ తాగుతూ పిడికిలి ఎత్తడం మొదలుపెట్టాడు. బంతి విసిరే అవతలి పిచర్ ఆ కాస్త సందులో బూటు లేసు కట్టుకునేవాడు. బేసుల మీద నిలబడ్డవాళ్ళు ఇంటికి చేర్చేవాడు లేక అక్కడే మిగిలిపోయేవారు. జట్టు ఆడిన ఆటల్లా ఓడింది. చప్పట్లు మాత్రం ఆగలేదు. ముందు ఎవరు ఆపాలో ఎవరికీ తెలియలేదు.

స్కోరమ్మకి ఆ ఎత్తిన చెయ్యి ఒక్కటే ఆధారం. పేరు ఉన్నంతకాలం మనిషి జట్టులో ఉన్నట్టే, ఎప్పటికైనా లేచి బ్యాటు పట్టుకుంటాడు. పేరు తీసేశారంటే ఇక రాడని ఒప్పుకున్నట్టే. డాక్టరు రాడనే చెప్పాడు. ఆయనకేం తెలుసు, ఆయన ఈ మనిషి ఆట చూశాడా అని ఆవిడ వాదన. ఈ వాదన ఆవిడ ఎవరితోనూ చేయలేదు, స్టవ్వు ముందు నిలబడి తనలో తనే చేసుకునేది.

సాఫ్ట్‌వేర్ సంగతి వినగానే డిగ్రీ చదివే కూతురు వంటింటి బల్ల మీద పుస్తకాలు పక్కకి నెట్టింది. "ఫోన్లో ఇలాంటివి బోలెడున్నాయమ్మా. ఒక్కొక్కటే చూద్దాం," అంది. చూడటం మొదలుపెట్టాక తెలిసింది, పెళ్ళిసంబంధాలు చూడటం ఇంతకన్నా నయమని. ఫోటోలో అన్నీ బాగానే ఉంటాయి. లోపాలన్నీ ఇంట్లో అడుగుపెట్టాకే బయటపడతాయి.

మొదటిది చూడముచ్చటైనది. తెర మీద పచ్చటి మైదానం, వేలితో ముట్టుకుంటే ఆటగాడు బేసు మీదకి నడిచేవాడు. బంతి ఎటు పోయిందో గీత గీసి చూపించేది. ఎవరు ఎన్నిసార్లు కొట్టారు, ఎన్నిసార్లు తప్పారు, సగటు ఎంత, అన్నీ అదే కట్టేది. ఇన్నేళ్ళూ తను పెన్సిలు నమిలి నమిలి చేసిన లెక్క రెప్పపాటులో అయిపోతుంటే స్కోరమ్మకి సంతోషంతో పాటు కాస్త ఉక్రోషం కూడా వచ్చింది. తీరా ఆట మొదలుపెట్టబోతే హాజరు అడిగింది. భర్త పేరు దగ్గర 'రాలేదు' అని నొక్కింది. అంతే, చెప్పా పెట్టకుండా ఆ పేరు తీసి పక్కన పడేసి, ఐదోవాణ్ణి నాలుగులోకి, ఆరోవాణ్ణి ఐదులోకి జరిపేసింది. బస్సులో ఒకరు దిగిపోతే మిగతావాళ్ళు సర్దుకుని కూర్చున్నట్టు.

స్కోరమ్మ ఫోన్ బోర్లా పెట్టింది. "ఇది వద్దు."

"అన్నిట్లోకీ ఇదే బాగుందమ్మా."

"వద్దన్నానుగా."

రెండోది ఖాళీ స్థానాన్ని ఒప్పుకుంది, పేరుని ఒప్పుకోలేదు. నాలుగో గడిలో 'ఖాళీ' అని తనే రాసుకుంది. మరిదికి ఫోన్ చేసి చెబితే, "మా అన్న ఖాళీ ఏంటి వదినా, ఇంకోటి చూడు," అన్నాడు. చెప్పేవాడికేం, కళ్ళు పోయేది చూసేవాళ్ళవి కదా.

మూడోదానికి కుతూహలం ఎక్కువ. మనిషి ఎలా అవుటయ్యాడో చెబితే గానీ కదలనంది. బంతి తప్పాడా, గాల్లోకి కొట్టి దొరికిపోయాడా, బేసు దాకా పరిగెత్తలేకపోయాడా అని గుచ్చి గుచ్చి అడిగింది. అసలు రాలేదు అన్న జవాబు దాని దగ్గర లేదు.

"పరిగెత్తలేకపోయాడని నొక్కేద్దామా?" అని కూతురు అనేసి నాలుక కరుచుకుంది. పక్కగదిలోంచి తండ్రి దగ్గు వినిపించింది. స్కోరమ్మ దాన్ని ఫోన్లోంచి తీసేయించింది.

ఆ తర్వాత చూసినవాటిలో ఒకటి ఆట మధ్యలో తలనూనె ప్రకటన పాడింది. ఇంకోటి ఎవరైనా ఫోన్ చేస్తే చాలు, అంతదాకా రాసిన స్కోరంతా మింగేసింది. పగలంతా ల్యాబులో ఊళ్ళోవాళ్ళ నోళ్ళకి పళ్ళు అతకడం, ఇంటికొచ్చి ఆయన స్నానం, మందులు, చేతికి వ్యాయామం, వంట, ఆపైన ఈ పరీక్షలు. వారం తిరిగేసరికి ఆవిడ తలప్రాణం తోకకొచ్చింది. కూరలో ఉప్పు రెండుసార్లు వేసి, ఒకసారి అసలు వేయక, మొత్తం మీద సగటు సరిపోయిందిలే అని తనకి తనే సర్దిచెప్పుకుంది.

చివరికి కూతురే ఒకటి పట్టుకొచ్చింది. అందులో 'గైర్హాజరు' అని ఒక మీట ఉంది. అది నొక్కితే పేరు ఉన్నచోటే ఉంటుంది, అవుట్ పడుతుంది, ఆట ముందుకి సాగుతుంది. పాత స్కోరు పుస్తకాలు దించి తండ్రి వెనకటి సీజన్ల లెక్కలన్నీ కూతురు అందులో ఎక్కించింది. "ఆటగాళ్ళందరి ఫోన్లలోనూ పెట్టాలటమ్మా. ఎవరి లెక్క వాళ్ళకి వెళ్తుంది. నాన్న ఫోన్లో కూడా పెట్టేశాను," అంది.

మరిది వచ్చి చూశాడు. నాలుగో గడిలో అన్న పేరు నిండుగా కనిపించేసరికి వేలితో దాన్ని తడిమాడు. "మనసున్న మనిషెవరో చేసుంటాడు వదినా దీన్ని. నీకు తృప్తేగా?"

"నాదేముంది నాయనా, నీకు తృప్తయితే చాలు."

"నాకేముంది వదినా, నువ్వు సంతోషంగా ఉంటే అంతే."

ఇలా ఇద్దరూ ఒకరికొకరు తృప్తి వడ్డించుకుని లేచారు. పక్కగదిలో ఉన్న మనిషిని అడగాలని ఇద్దరికీ తట్టలేదు. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. వీళ్ళు అడగకుండానే పెడుతున్నారు, ఆయన తింటున్నాడు.

ఆదివారం ఆట టైర్ల గోడౌను వెనక ఉన్న మైదానంలో. ఎండ తగలకుండా గొడుగు కట్టుకుని, ఫోన్ బల్ల మీద పెట్టుకుని స్కోరమ్మ కూర్చుంది. పక్కన కుర్చీలో ఆయన, ఇస్త్రీ చొక్కా, జేబులో ఫోన్. మొదటివాడు అవుట్. తర్వాతి ఇద్దరూ ఎలాగో బేసుల మీదకి చేరారు. నాలుగో వంతు. అంపైరు పిడికిలి, అందరి చప్పట్లు, ఆయన ఎడమచెయ్యి, అన్నీ మామూలే. స్కోరమ్మ 'గైర్హాజరు' నొక్కింది.

ఆయన జేబులో ఫోన్ టింగుమంది. వెంటనే బెంచీ మీద వరసగా ఉన్న ఫోన్లన్నీ ఒకదాని తర్వాత ఒకటి టింగుమన్నాయి. జట్టుకంతటికీ ఎవరో ఏదో కబురు పంపారేమో అనుకుంది స్కోరమ్మ. కొత్త సాఫ్ట్‌వేర్, ఎక్కడ నొక్కితే ఏమవుతుందోనని ఆవిడ ప్రాణమంతా వేలి కొసలో ఉంది. ఆయన ఎడమచేత్తో తంటాలు పడి ఫోన్ తీసి చూసుకుని, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. ఆయన వంతు వచ్చిన ప్రతిసారీ అదే జరిగింది. ఆఖరిసారి మాత్రం ఆయన ఫోన్ తియ్యలేదు. ఆట ఎప్పటిలాగే ఓడిపోయారు.

మర్నాడు సాయంత్రం స్కోరమ్మ ల్యాబు నుంచి వస్తూ ఎప్పటిలాగే మిగిలిన మైనం ముద్ద తెచ్చింది. ఆయన కుడిచేతిలో దాన్ని పెట్టి, వేళ్ళు ఒక్కొక్కటే ముడిచి, పిసకమనడం రోజూ ఉండే వ్యాయామం. ఆవిడ వేళ్ళు ముడుస్తుంటే ఆయన ఎడమచేత్తో ఫోన్ ఆవిడ వైపు జరిపాడు.

"చదువు," అన్నాడు.

'గైర్హాజరు' నొక్కిన ప్రతిసారీ ఆయన అవుటైనట్టు జట్టులో అందరి ఫోన్లకీ వెళ్ళిన కబురు అందులో ఉంది. దాని కింద ఇలా ఉంది. 'ఈ ఆటలో మీ వంతు మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ అవుట్. సగటు సున్నా. నిరుత్సాహపడకండి. బంతిని చివరిదాకా చూడండి. బంతి రాకముందే భుజం పక్కకి తెరవకండి. వచ్చే ఆటకి మీ కుడిచేతి పట్టు మీద శ్రద్ధ పెట్టండి.'

స్కోరమ్మ చదివి, ముడిచిన ఆయన కుడిచేతి వైపు చూసింది. మైనం ముద్ద మీద వేళ్ళ గుర్తులు కూడా సరిగా పడలేదు. ఆవిడ ఆయన మొహంలోకి చూస్తే, ఆయన పెదవి ఒకవైపు వంకరగా లేచి ఉంది.

"సలహా... మంచిదే," అన్నాడు.

ఆవిడకి నవ్వొచ్చింది, నవ్వబోతే ఏడుపొచ్చింది. ఆయన వేలితో తెర పైకి జరిపాడు. కింద ఒక గీత ఉంది. ఏటికేడాది సగటు చూపించే గీత. వెనకటి సీజన్లలో కొంచెం పైకీ కిందకీ ఊగుతూ నిలకడగా నడిచి, ఈ ఏడాది గోడ మీంచి బల్లి జారినట్టు జారి, అడుగున పడి ఉంది.

"ఈ గంట మోగకుండా చెయ్యమని పిల్లకి చెప్తాలెండి. ఈ గీత కూడా తీయించేస్తాను," అంది ఆవిడ.

"గంట కాదు. పేరు. తీసెయ్."

"పేరెందుకు తియ్యడం? మీరు తిరిగొచ్చేదాకా..."

"రాను."

"ఆ డాక్టరు మాటలు పట్టుకుని..."

"డాక్టరు కాదు. నేనే... చెప్తున్నా." ఆయన ఆగాడు. తర్వాతి మాట కోసం కాసేపు వెతుక్కున్నాడు. ఆవిడ అందించబోతే ఎడమచెయ్యి అడ్డం పెట్టాడు. "జబ్బు నన్ను... ఒక్కసారే పడేసింది. మీరు... ప్రతి ఆదివారం... పడేస్తున్నారు. అందరి ముందూ."

స్కోరమ్మ పట్టు వదలడంతో ఆయన కుడిచేతిలోంచి మైనం ముద్ద జారి నేల మీద పడింది. "మరి చప్పట్లు కొడితే సంతోషంగా చెయ్యి ఎత్తేవారు కదా?"

"చప్పట్లు కొడితే... ఎత్తక... ఏం చెయ్యను?"

"ముందే ఒక్క మాట చెప్పొచ్చుగా."

"నువ్వు... ఏడుస్తావని."

అది మాత్రం నిజమే అయింది. ఆవిడ వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి, నీళ్ళ చప్పుడు చాటున ఏడ్చింది. ఆయన మీద కోపమొచ్చింది, ఇన్నాళ్ళూ చెప్పనందుకు. తన మీద కోపమొచ్చింది, చూడనందుకు. ఆటగాళ్ళందరి లెక్కలూ ఏళ్ళ తరబడి రాసిన మనిషికి పక్క కుర్చీలో ఏం జరుగుతోందో తెలియలేదు. కోపాలన్నీ పోయాక అలసట మిగిలింది. ఆయన్ని లేపడం, కూర్చోబెట్టడం, ఒళ్ళు తుడవడం ఆవిడకి ఎన్నడూ బరువనిపించలేదు. ఆ పేరుని నాలుగో గడిలో పడిపోకుండా పట్టుకుని నిలబడటంతోనే చేతులు పడిపోయాయి. కుళాయి కట్టి, మొహం తుడుచుకుని, నేల మీద పడ్డ మైనం ముద్ద కడిగి తెచ్చి మళ్ళీ ఆయన చేతిలో పెట్టింది.

ఇక మరిదికి చెప్పాలి. అన్న పేరంటే ప్రాణం పెట్టే మనిషి. అలాంటివాడికి 'నువ్వు చేసేది మీ అన్నని చంపుతోంది' అని ఎలా చెప్పడం. దారంతా ఆలోచించి, డిపో గేటు దాటేసరికి ఒక అబద్ధం తయారుచేసుకుంది.

మరిది బస్సు కింద పడుకుని ఏదో బిగిస్తున్నాడు. నూనె మరకల బూట్లు రెండు మాత్రం బయటికి ఉన్నాయి. ఆవిడకి అదీ మంచిదే అనిపించింది. మొహం కన్నా బూట్లకి చెప్పడం తేలిక.

"ఆ సాఫ్ట్‌వేర్ పనికిరావటం లేదు నాయనా. రాని మనిషి పేరు ఒప్పుకోవటం లేదు."

"ఆదివారం ఒప్పుకుందిగా వదినా."

"ఆదివారం ఒప్పుకుంది. ఇప్పుడు మార్చేశారట."

"ఎవరు?"

"వాళ్ళే."

"వాళ్ళంటే?"

అబద్ధం ఆడితే అతికినట్టుండాలంటారు. పళ్ళు అతికే చేతికి అబద్ధం అతకడం చేతకాలేదు. ఆవిడ పక్కనున్న పాత టైరు మీద కూర్చుండిపోయింది. "లేదు నాయనా. మీ అన్నే తన పేరు తీసెయ్యమన్నారు. ప్రతి ఆదివారం అందరి ముందూ అవుటవ్వలేనన్నారు," అని జరిగింది జరిగినట్టు బూట్లకి చెప్పేసింది. బస్సు కింద పానా చప్పుడు ఆగిపోయింది.

ఆ తర్వాత మరిది వీపు కిందున్న చక్రాల పలకతో సహా బయటికి దొర్లుకొచ్చి లేచి కూర్చున్నాడు. మొహం నిండా గ్రీజు. పాతగుడ్డతో చేతులు తుడుచుకుంటూ, తుడుచుకున్న చేతినే మళ్ళీ మళ్ళీ తుడుచుకున్నాడు.

"నాలుగైదు ఆటలయ్యాకే ఆపేద్దామనుకున్నా వదినా. జట్టులో అందరూ గొణుగుతున్నారు. కిటికీ అయితే ఒంటరిగా గోడౌను వెనక్కి పోయి గాల్లో బ్యాటు ఊపుకుంటున్నాడు. నీ మొహం చూసి నోరు రాలేదు. అన్న పేరు రాసేటప్పుడు నువ్వెంత ఒద్దికగా రాస్తావో చూశాగా."

"నేను నీ మొహం చూసి ఊరుకున్నాను."

"నా మొహమా?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మొహమాటానికి పోతే ఏమవుతుందో సామెత ఉంది. ఒక బేస్‌బాల్ జట్టు ఓ సీజనంతా ఓడిపోవడం కూడా ఆ సామెతలో చేర్చుకోవచ్చు. ఇద్దరికీ నవ్వు రాలేదు. మరిది పాతగుడ్డ మడతపెట్టి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"అయితే అన్న ఇక రాడా వదినా?"

ఈ ప్రశ్న ఇంతదాకా ఎవరూ పైకి అడగలేదు. అడిగిన మనిషి నలభై దాటినవాడు, పెద్ద పెద్ద ఇంజన్లు విప్పి బిగించేవాడు, చిన్నపిల్లాడిలా అడిగాడు. స్కోరమ్మకి అతని మీద అంతులేని జాలి కలిగింది.

"బ్యాటు పట్టడానికి రారు," అంది. "ఆదివారం ఆట చూడటానికి వస్తారు."

ఆ ఆదివారానికి ఆవిడ మళ్ళీ మొదటి సాఫ్ట్‌వేరే పెట్టించింది. రానివాళ్ళని పక్కకి తప్పించి మిగతావాళ్ళని సర్దే ఆ చూడముచ్చటైనదాన్నే. అందులో ఆయన లెక్క ఆయన నిజంగా ఆడిన ఆఖరి ఆటతో ఆగిపోతుంది. ఆ ఆటలో ఆయన రెండుసార్లు బంతిని కంచె దాకా కొట్టాడు. కూతురు అదంతా ఎక్కించి చూపిస్తే ఆయన ఒకసారి చూసి, చాలన్నట్టు తలూపాడు.

గొడుగు కింద బల్ల, ఫోన్, పక్కన కుర్చీలో ఆయన, ఒళ్ళో మైనం ముద్ద. ఆటకి ముందు ఫోన్ తెర మీద హాజరు అడిగింది. ఒక్కొక్క పేరూ నొక్కుతూ వచ్చి, ఆయన పేరు దగ్గర స్కోరమ్మ వేలు ఆగిపోయింది. అంత ఆలోచించి, అంత ఏడ్చి, అందరికీ చెప్పి కూడా ఆ ఒక్క మీట నొక్కడం ఆవిడ వల్ల కాలేదు. అటు అంపైరు గడియారం చూసుకుంటున్నాడు. ఆయన వంగి, ఎడమచేతి చూపుడువేలితో 'రాలేదు' మీద నొక్కాడు. పేరు పక్కకి తప్పుకుంది. ఐదో స్థానంలో ఉన్న తమ్ముడు నాలుగులోకి జరిగాడు. మిగతావాళ్ళు సర్దుకున్నారు. అడుగున, తొమ్మిదో గడిలో, కిటికీ పేరు వచ్చి చేరింది.

కాసేపు తెర మసకబారింది. ఆవిడ కొంగుతో తెర తుడిచింది. మసక తెర మీద లేదని తెలిసి కళ్ళు తుడుచుకుంది.

మొదటివాడు బేసు చేరాడు. రెండోవాడు అవుట్. మూడోవాడు చేరాడు. నాలుగో వంతుకి మరిది బ్యాటు పట్టుకుని వచ్చాడు. అన్న నిలబడే చోట నిలబడటానికి కాళ్ళు రాక, ఒక అడుగు ఇవతలే నిలబడ్డాడు. అలవాటు కొద్దీ ఎవరో రెండు చప్పట్లు కొట్టి, గుర్తొచ్చి ఆపేశారు. పిచర్ బంతి విసిరాడు. మరిది బలమంతా పెట్టి బ్యాటు ఊపాడు, తగల్లేదు. రెండోసారీ తగల్లేదు. మూడోసారి ఎంత ముందుగా ఊపాడంటే, బంతి వచ్చేసరికి అతను ఒక చుట్టు తిరిగి మోకాళ్ళ మీద ఉన్నాడు.

అంపైరు పిడికిలి ఎత్తాడు.

అప్పుడు గొడుగు కిందనుంచి ఒక గొంతు లేచింది. మధ్య మధ్య ఆగుతూ, దారి వెతుక్కుంటూ, అయినా పక్క వీధి దాకా వినిపించేలా లేచింది.

"ఒరేయ్... కళ్ళు... ఎక్కడ పెట్టావురా. భుజం... ముందే... తెరుస్తావేంట్రా గాడిదా. బంతిని... చివరిదాకా... చూడాలని... ఫోను కూడా చెప్తోంది కదరా."

ముందు బెంచీ మీద ఎవరో కిసుక్కుమన్నారు, కిటికీ పగలబడి నవ్వాడు, అవతలి పిచర్‌కి కూడా నవ్వు ఆగలేదు. మరిది మోకాళ్ళ మీద ఉన్నవాడు ఉన్నట్టే అన్న వైపు చూశాడు. కళ్ళు తడిగా ఉన్నాయి, పళ్ళన్నీ కనిపిస్తున్నాయి. స్కోరమ్మకి ఆ పలువరుసలో మొదటిసారి ఒక్క లోపమూ కనిపించలేదు. చప్పట్లు ఎవరూ కొట్టలేదు.

ఆయన ఆయాసపడుతూ కుర్చీలో వెనక్కి వాలాడు. "రాశావా?" అన్నాడు.

ఆవిడ రాయడం మరిచేపోయింది. గబగబా తెర మీద నొక్కి, "రాశాను," అంది.

"అవుట్... ఎవరు?"

"మీ తమ్ముడు."

"నేను కాదుగా?"

"మీరు కాదు."

ఆయన ఒళ్ళోని మైనం ముద్ద తీసి, తనే కుడిచేతిలో పెట్టుకుని, తర్వాత వచ్చేవాడు ఎవడో చెప్పమన్నాడు.